మత్రా సందుల్లో నా తోక డ్యూటీ

మస్కట్‌లో టూరిస్టులను తిప్పే పనిలో కొత్తగా చేరిన మన ఆడపిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "ఆంటీ, అరబ్బీ ఎంత వస్తే చాలు? ఇంగ్లీషు ఎంత రావాలి?" అని అడుగుతారు. నాకు రెండూ సగం సగమే వచ్చేవి. ఆ పనికి ముందు కావలసింది నోరు కాదు తల్లీ, కాళ్లు. తర్వాత కళ్లు. నోరు ఎప్పుడు తెరవాలన్నది మాత్రం ఎవరూ నేర్పరు. ఆ పనిలో ఉన్నన్నాళ్లూ నేను గట్టిగా నోరు తెరిచింది ఒక్కసారే. దాని సంగతే ఇప్పుడు చెప్తాను. పనిలో మెళకువలు కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

నేను కడప జిల్లా నుంచి ఇంటిపనికి వెళ్లినదాన్ని. బర్కాలో ఒక తోట ఇంట్లో కొన్నేళ్లు, తర్వాత మస్కట్‌లో ఒక మేడమ్ దగ్గర కొన్నేళ్లు చేశాను. ఆ మేడమ్ తమ్ముడు టూరిస్టు కంపెనీ పెట్టి, నన్ను అందులోకి తీసుకున్నాడు. మత్రా రేవు వెనక పాత వర్తకుల పేట ఉంటుంది. ఎప్పుడో పడవల్లో వచ్చిన గుజరాతీలు, సింధీలు, బలూచీలు, జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన అరబ్బులు, అందరూ ఆ సందుల్లోనే అంగళ్లు పెట్టుకుని బతికారు. ఎవరి తిండి వాళ్లు వండుకున్నారు, పక్కవాడికీ అమ్ముకున్నారు. తెల్లవాళ్లను ఆ సందుల వెంట నడిపిస్తూ, ఒక్కో అంగట్లో ఒక్కో ముద్ద తినిపిస్తూ, కథ చెప్పడం మా కంపెనీ పని. గైడుగా ముందు నడిచేవాడు ఆ దేశం వాడే అయ్యుండాలి. వెనక నడిచేదాన్ని నేను. కంపెనీలో నన్ను తోక అనేవాళ్లు. మొదట్లో రోషమొచ్చింది, తర్వాత నేనే ఆ మాట చెప్పుకునేదాన్ని.

మా గైడు షినాస్ అనే ఊరి వాడు. చేపలు పట్టే కుటుంబం. హిందీ సినిమాలు చూసి హిందీ నేర్చుకున్నాడు, కాబట్టి కోపమొస్తే విలన్‌లా, ప్రేమొస్తే హీరోలా మాట్లాడేవాడు. నన్ను ఖాలా అనేవాడు, అంటే పిన్ని. వాడు ముందు చెయ్యెత్తి "యల్లా" అంటే అందరూ కదలాలి. కదలరు. ఒకాయన పిల్లిని ఫోటో తీస్తూ ఆగిపోతాడు, ఒకామె శాలువా భుజాన వేసుకుని అద్దం వదలదు. వాళ్లను పోగేసి తోలుకెళ్లడం నా పని. ఒకసారి ఒక పెద్దమనిషి తప్పిపోయి, ఇంకో కంపెనీ గుంపు వెనక నడిచి, వాళ్ల సమోసాలు తిని, మళ్లీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి మా సమోసాలు కూడా తిన్నాడు. కడుపు ఎలా ఉందయ్యా అని సైగ చేస్తే బొటనవేలు చూపించాడు!

గుజరాతీ అంగట్లో పూరీ కూర, బలూచీ బట్టీలో రొట్టె, బొగ్గుల మీద కాల్చిన మాంసం పుల్లలు, రాగి అండాలో కలియబెట్టే హల్వా. అన్నీ అయ్యాక చివరగా ఒక పాత ఇంటికి వెళ్లేవాళ్లం. ఆ ఇంటి పెద్దాయన తండ్రి, కొండల నడుమ ఉన్న బహ్లా అనే పాత ఊరి నుంచి వచ్చి ఖర్జూరాల వ్యాపారం చేశాడట. పిల్లలందరూ కొత్త పేటల్లో పెద్ద పెద్ద ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. భార్య పోయింది. ఆయన మాత్రం ఆ ఇల్లు కదలలేదు. మనుషులు వస్తుంటే బాగుంటుందని మా గుంపుల్ని రానిచ్చేవాడు. లోపలి వాకిట్లో చాపలు పరిచి, తన చేత్తోనే అందరికీ కహ్వా పోసేవాడు. యాలకులు వేసిన చేదు కాఫీ, చిన్న పిడిలేని కప్పుల్లో. అందరికీ అయ్యాక చివర నాకూ పోసేవాడు. పనిమనిషికి ఇంటాయన తన చేత్తో పోయడం నేను అక్కడే చూశాను.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. వంట చేసేది, అందుకని వంటక్క అనేదాన్ని. కోనసీమ మనిషి, నాకంటే బాగా పెద్దది. వయసులో ఉండగా వచ్చి ఆ ఇంట్లో చేరి, అక్కడే ముసలిదైంది. ఆయన పిల్లలను పెంచింది, ఆయన భార్య చివరి రోజుల్లో ఒళ్లు తుడిచింది. మా గుంపుల ముందు కూర్చుని రఖాల్ రొట్టె చేసి చూపించేది. పల్చటి తడి పిండిని అరచేత్తో కాలే పెనం మీద పూసి, రేకులాగా ఒలిచి తీసే రొట్టె అది. పొడుగు గౌను, తలమీద గుడ్డ, ఎండకు కాలిన మొహం. తెల్లవాళ్లు ఆమెను ఒమానీ అవ్వ అనుకునేవాళ్లు. ఎన్ని తరాలుగా వస్తోంది ఈ చేతిపని అని ఒకతను అడిగాడు.

"ఏటంటన్నాడే ఆడు?" అంది నాతో.

చెప్పాను. పెనం మీంచి కళ్లు తిప్పకుండా నవ్వింది. "కుండ మీద పూతరేకులు తీసిన చెయ్యే ఇది. మా అక్క నేర్పింది. రేకు తీసినోళ్లకి ఈ రొట్టొక లెక్కేటే? ఆడికి మాత్రం తరాలని సెప్పెయ్, సంబరపడతాడు."

ఆ అక్కే ఆమెకు తల్లి. కన్నతల్లి పోతే చంకన వేసుకుని పెంచింది, పెళ్లి చేసింది, మొగుడు వదిలేస్తే ఇంట్లో పెట్టుకుంది. ఆ అక్కకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. వంటక్కకు ఒకటే కోరిక, అక్క ప్రాణంతో ఉండగా దగ్గరుండాలి.

ఇక్కడ మీరు అనుకునేది నాకు తెలుసు. ఇంటి సేఠ్ పాస్‌పోర్టు దాచేశాడు అనుకుంటున్నారు కదా? దాచలేదు. పాస్‌పోర్టు ఆమె పెట్టెలోనే ఉంది. తాళంచెవి ఆమె మెడలోనే ఉంది. ఆ ఇంటి బీరువాల తాళాలు కూడా ఆమె దగ్గరే ఉండేవి. ఊరెళ్తానని ఆమె అడిగినప్పుడల్లా ఆయన వెళ్లమనేవాడు కాదు, వద్దనేవాడూ కాదు. తల వంచుకుని కూర్చునేవాడు. మర్నాడు ఆమెకు కొత్త బట్టో, అత్తరో తెప్పించేవాడు. ఆయన కొడుకేమో రంజాన్ కానీ అనేవాడు, రంజాన్ అయితే పండగ కానీ అనేవాడు, పండగ అయితే ఎండలు తగ్గనీ అనేవాడు. ఆమె చేసిన గంజి తప్ప ఆయన కడుపుకు ఏదీ పట్టదు. ఆ సంగతి కొడుక్కి తెలుసు, ఆయనకూ తెలుసు.

"చెప్పకుండా పోరాదా అక్కా? ఏమవుతాది?" అన్నాను ఒకసారి, విసుగొచ్చి.

"సెప్పకుండా ఎలా ఎల్తానే? ఆయన అన్నం మానేత్తాడు. నోటితో ఎల్లమంటే ఎల్తాను. లేకపోతే నా కాలు గడప దాటదు."

అంతే. ఇద్దరు ముసలివాళ్లు రెండు వైపులా లాగుతుంటే మధ్యలో ఆమె.

ఇప్పుడు కహ్వా గురించి ఒక మాట చెప్పాలి. పాతకాలపు అరబ్బుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. అతిథి కప్పు తీసుకుని, తాగకుండా ముందు కింద పెట్టాడంటే, అతనికి ఏదో పని కావాలని అర్థం. ఇంటాయన ఏం కావాలని అడగాలి. చేస్తానని మాటిస్తేనే అతిథి తాగుతాడు. తాగకుండా వెళ్లిపోతే ఆ ఇంటి పరువు పోయినట్టే. పట్నంలో ఇప్పుడు ఎవరికీ పట్టదు గానీ, పెద్దాయన మాత్రం బహ్లా పద్ధతుల మనిషే. మన తెల్లవాళ్లకు ఇదేం తెలుస్తుంది? ఒకామె చేదు నచ్చక కప్పు చాప మీద పెట్టేసింది. పెద్దాయన చెయ్యి గుండె మీద పెట్టుకుని "నీకేం కావాలో అడుగు" అన్నాడు. మా గైడుకు చెమటలు పట్టాయి. ఆమె ఏమీ తెలియక, ఈ రొట్టె ఎలా చేయాలో నేర్పండి అంది. ఆయన వంటక్కను పిలిచి, ఆ తెల్లామె చెయ్యి పట్టుకుని నేర్పించేదాకా వదల్లేదు. ఆమె చేతులు కాలాయి, మా తర్వాతి గుంపు ఎండలో నిలబడింది. అప్పటి నుంచి గైడు గుమ్మం దగ్గరే చెప్పేవాడు, తాగండి లేదా చేతిలో పట్టుకోండి, కింద మాత్రం పెట్టొద్దు అని. ఎవరైనా పెట్టబోతే అందుకోవడం నా పని. నా డ్యూటీలో సగం కప్పుల కాపలాయే.

ఒక చలికాలం పొద్దున గుంపుతో ఆ ఇంటికి వెళ్లాం. పళ్లేలు తెద్దామని వంటింట్లోకి పోయాను. వంటక్క పెనం ముందు కూర్చుని పిండి పూస్తోంది. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"అక్క గంజి కూడా మింగటం లేదటే," అంది. "అక్క కూతురు ఫోన్‌లో సూపించింది. నన్ను సూసి పెదాలు కదిపింది. మాట రాలేదు." తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నా కొంగుతో తుడిచాను.

పళ్లేలు పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. పెద్దాయన అందరికీ పోస్తూ వచ్చి చివర నా కప్పు నింపాడు. తీసుకున్నాను. ముందుగా అనుకుని చేశానని చెప్తే అబద్ధం. వంటింట్లోంచి పెనం మీద పిండి చుయ్యిమంటున్న చప్పుడు వినిపిస్తోంది. నా చెయ్యి దానంతటదే వంగి కప్పును చాప మీద పెట్టింది.

గైడు పరుగున వచ్చాడు. "ఖాలా, నువ్వు కూడానా? పిచ్చి పట్టిందా? తియ్యి!" అన్నాడు హిందీలో, పళ్ల మధ్య నుంచి.

నేను తియ్యలేదు. పెద్దాయన నన్ను చూశాడు. ఇన్నేళ్లుగా ఆ వాకిట్లో కప్పులు అందుకునే మనిషిని నేను. తెలియక పెట్టానని అనుకోవడానికి లేదు. కూజా పక్కనబెట్టి, నెమ్మదిగా నా ఎదురుగా కూర్చున్నాడు.

"అడుగు," అన్నాడు.

నాకొచ్చిన వంటింటి అరబ్బీలో అడిగాను. "బాబా, ఆమెకు అక్కే తల్లి. తల్లి పోతోంది. ఆమెను పొమ్మని మీ నోటితో చెప్పండి."

టూరిస్టులకు ఏమీ అర్థం కాలేదు. ఇదేదో చూపించడానికి పెట్టుకున్న తంతు అనుకున్నట్టున్నారు, ఫోన్లు తీసి ఫోటోలు తీస్తున్నారు. నాకు వాళ్ల మీద పట్టరాని కోపమొచ్చింది. పెద్దాయన చాప మీది కప్పును రెండు వేళ్లతో నా వైపు జరిపాడు. "తాగు," అన్నాడు. "ఆమె వెళ్తుంది." నేను కప్పెత్తి తాగాను. టూరిస్టులు చప్పట్లు కొట్టారు. ఆయన గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

వంటక్క సంతోషపడుతుందనుకున్నాను. నా మీద అంతెత్తున లేచింది. "నిన్నెవరడగమన్నారే? పదిమందిలో ఆయన్ని అలా కట్టిపడేత్తావా? ఆయన కల్లమ్మట నీల్లు సూసేనే నేను, నీ మొకం మండా!" అని నన్నే తిట్టి, నన్నే పట్టుకుని ఏడ్చింది. తర్వాత పెట్టె సర్దుకుంది. వెళ్లే రోజు ఆయన గది తలుపు తీయలేదు. ఆమె తలుపు బయట నిలబడి, పొయ్యి మీద గంజి ఉందని చెప్పి వచ్చేసింది. కొడుకే విమానాశ్రయానికి తీసుకెళ్లాడు. ఆరు నెలల్లోపు తిరిగి రావాలనీ, దాటితే వీసా పోతుందనీ, ఆ వయసులో మళ్లీ వీసా రావడం కష్టమనీ నచ్చజెప్పి పంపాడు.

ఆమె వెళ్లేసరికి అక్క ప్రాణంతోనే ఉంది. వంటక్క చేతి గంజి మింగింది! ఎవరు పెట్టినా ఉమ్మేసిన మనిషి, చెల్లెలు పెడితే మింగింది. మొహం తేటపడింది. కొన్నాళ్లకు చిన్న చిన్న మాటలు కూడా వచ్చాయి. నాకు ఫోన్ చేసి ఎంత మురిసిపోయిందో చెప్పలేను.

మత్రాలో మా నడకలు మామూలుగానే సాగాయి. రొట్టె అంగట్లో కొని పెట్టేవాళ్లం. ఎవరూ తేడా కనిపెట్టలేదు. కొడుకు ఒక వంటమనిషిని పెట్టాడు, ఆమె పోతే ఇంకొకామెను పెట్టాడు. పెద్దాయన పళ్లెం ముట్టుకుని పక్కకు జరిపేవాడు. నాకు కహ్వా పోసేటప్పుడు ప్రతిసారీ అడిగేవాడు, "ఆమె అక్క ఎలా ఉంది?" అని.

"బాగుంది బాబా, తింటాంది," అనేదాన్ని. ఆయనతో మాట్లాడుతుంటే తెలుగు కలిసిపోయేది నాకు. ఆ కాస్త తెలుగు ఆయనకూ అర్థమయ్యేది, వంటక్క నేర్పినదే.

"అల్‌హమ్దులిల్లా," అనేవాడు. అంతా దేవుడి దయ అని, మనస్ఫూర్తిగానే అనేవాడు. కానీ ఆ మాట అన్నాక మొహం వాడిపోయేది. అక్కడ ఒకామె తింటోందంటే ఇక్కడ ఒకాయనకు తిండి లేదని అర్థం. గుంపు ఆ ఇంటి సందు తిరిగేసరికి నేను ఇంకా వెనకపడేదాన్ని.

ఆరు నెలలు దగ్గరపడ్డాయి. వంటక్క ఫోన్ చేసింది. "ఎలాగ ఒదిలి రానే? నేను పక్కకెల్తేనే నోరు మూసేత్తంది. రేపొచ్చేత్తే సంపినట్టే కదా?" అంది. "ఉండక్కా," అన్నాను. గడువు దాటిపోయింది. వీసా పోయింది. ఆ అక్క ఇంకొన్నాళ్లు బతికి, చెల్లెలి ఒళ్లో తల పెట్టుకుని పోయింది. అప్పుడు కొడుకు వీసా కోసం తిరగని ఆఫీసు లేదు. వయసు చూసి కుదరదన్నారు. పెద్దాయన నీరసించాడు. వాకిలి తలుపులు మూశారు. మా నడకను కంపెనీవాళ్లు సముద్రం ఒడ్డున ఒక కాఫీ హోటల్లో ముగించడం మొదలుపెట్టారు. నాకు మోకాళ్లు అరిగిపోయి పని మానేసి ఇంటికి వచ్చేశాను.

నేను చేసింది తప్పా అని నన్నడిగినవాళ్లున్నారు. తప్పని నేను అనుకోవడం లేదు. ఒక మనిషి తల్లిలాంటి అక్కను చూసుకోగలిగింది. ఒప్పే చేశానని ఛాతీ విరుచుకుందామంటే నోరు రాదు. ఇవి రెండూ కాకుండా ఇంకో మాట ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు గైడు ఫోన్ చేశాడు. హీరో గొంతూ లేదు, విలన్ గొంతూ లేదు. "ఖాలా, బాబా వెళ్లిపోయారు," అన్నాడు. వంటక్కకు ఫోన్‌లో చెప్పొద్దనీ, తన తరఫున నేనే వెళ్లి చెప్పాలనీ కొడుకు కోరాడట.

రైలెక్కి రాజమండ్రిలో దిగి, రెండు బస్సులు మారి ఆ ఊరు చేరాను. వంటక్క అక్క కూతురి ఇంట్లో ఉంటోంది. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే చేట కింద పెట్టింది. అంత దూరం నుంచి నేను ఊరికే రానని ఆమెకు తెలుసు.

"పెద్దాయనేనా?" అంది.

తలూపాను. కేకలు వేస్తుందని సిద్ధపడ్డాను. వేయలేదు. లోపలికి వెళ్లి నల్ల గౌను వేసుకుని, తల కప్పుకుని వచ్చింది. అరుగు మీద చాప పరిచి, పళ్లెంలో ఖర్జూరాలు పెట్టుకుని కూర్చుంది. ఒమాన్‌లో చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు అలాగే కూర్చుంటారు. ఊరు ఊరంతా వచ్చి పలకరించి పోతుంది. పొయ్యి వెలిగించనివ్వరు, ఇరుగుపొరుగే తిండి తెచ్చి పెడతారు.

అక్క కూతురు నన్ను పక్కకు పిలిచింది. చెడ్డమనిషి కాదు, బెదిరిపోయింది. "ఎవరో సేఠ్ పోతే పిన్ని ఇలా కూకుంటే ఊళ్లో ఏటనుకుంటారండీ? ఏమవుతాడని సెప్పాలి?" అంది. వాళ్లకు వంట చేసుకోమని చెప్పి, నేను బస్టాండు హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చి వంటక్క ముందు పెట్టాను. ఒక ముక్క తిని నీళ్లు తాగింది.

దారిన పోయేవాళ్లు చాప చూసి, "ఏటి, సుట్టాలొత్తన్నారా?" అని అడిగి వెళ్లిపోయారు. ఆమె కంట నీరు రాలేదు. వీధి వైపు చూస్తూ కూర్చుంది. మర్నాడూ అంతే.

మూడో రోజు మధ్యాహ్నం దాటాక అంది, "ఇంకెవరూ రార్లే. సాప తీసెయ్యవే."

నేను తియ్యలేదు. లేచి వీధిలోకి దిగాను. చెప్పులు మెట్టు కింద విడిచి, అప్పుడే ఊళ్లోకి వచ్చిన మనిషిలాగా అరుగెక్కి ఆమె ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ పట్టుకున్నాను.

"పెద్దాయన ఎట్లా పోయినాడక్కా?" అని అడిగాను.

ఆమె నా మొహం చూసింది. మూడు రోజులకు కళ్లు నిండాయి.

"పొద్దున్నే లేసేడే," అంది. "నన్ను పిలిసి గంజి అడిగేడు. కూకోబెట్టి నేనే తాగించేను. సగం తాగి, సాలు అన్నాడు. తెలుగులోనే అన్నాడు. తల నా సేతి మీదే వాల్చేడే..."

అక్కడ లేని మనిషి, దగ్గరున్నట్టే చెబుతూ ఏడుస్తోంది. నేను చేతులు వదలకుండా, ఊఁ కొడుతూ విన్నాను.